రణపాలకు పేరుంది

పోయినేడు సంక్రాంతికి కావలి వెళ్తే పిన్ని నన్ను మేడ మీదికి తీసుకెళ్లి ఒక కుండీ చూపించింది. "చూడు అబ్బయ్యా, రణపాల ఎంత బాగా పూసిందో" అంది. చూశాను. దళసరి ఆకులు, అంచులకు గంట్లు. ఆకుల మధ్య నుంచి నిటారుగా లేచిన కాడ, దాని చివర గుత్తిగా గులాబీ రంగు చిన్న పూలు. ఒక్కో పువ్వుకు నాలుగు రేకులు, అన్నీ ఆకాశం వైపు తిరిగి ఉన్నాయి.

రణపాల పువ్వు పైకి చూడదు. పండగకు కట్టిన కాగితం లాంతర్లలాగా కిందికి వేలాడుతుంది. ఆకుపచ్చ మీద ఎరుపు జీరలున్న బుడ్డ, దాని మూతి నుంచి కొంచెం బయటికొచ్చిన ఎర్రటి గొట్టం. ఇది రణపాల కాదు పిన్నీ అన్నాను. ఆమె మొహం మారిపోయింది. ఎందుకంటే ఎనిమిది నెలలుగా మోకాళ్ల నొప్పులకని రోజూ పొద్దున్నే దీని ఆకులు రెండు నమిలి మింగుతోంది.

మొక్కలు పోసుకుని వీధిలోకి వచ్చిన ట్రాలీ ఆటో దగ్గర కొన్నదట. రణపాల కావాలని నోరారా అడిగింది. ఆ అబ్బాయి ఈ కుండీ ఇచ్చాడు. ఆకు వేరేగా ఉందే అంటే, "రెండూ ఒకటేనమ్మా, దీన్నే ఇంగ్లీషులో కలాంచో అంటారు" అన్నాడట. అతను అబద్ధం చెప్పలేదు. రెండూ కలాంచోలే. రణపాల కలాంచో పిన్నాటా, పిన్ని చేతిలో పెట్టింది కలాంచో బ్లాస్‌ఫెల్డియానా. రెండూ మడగాస్కర్ నుంచి ప్రపంచమంతా తిరిగినవే. ఒకే ఇంటి పేరున్న ఇద్దరు మనుషులు ఒకటే అంటే ఎంత నిజమో, ఇదీ అంతే నిజం.

పిన్నికి ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నాకు పట్టుకున్న టెన్షన్ మామూలుది కాదు. కలాంచో జాతిలో చాలా మొక్కల్లో గుండె మీద పనిచేసే విషపదార్థాలున్నాయి. వీటిని మేసిన పశువులు చచ్చిపోవడం దక్షిణాఫ్రికాలోనూ ఆస్ట్రేలియాలోనూ జరిగింది. అసలు రణపాలలోనూ ఆ పదార్థాలు కొంత ఉన్నాయి. కాబట్టి అదైనా సరే, డాక్టరును అడక్కుండా రోజూ తినే ఆకు కాదు. ఆ మాట పిన్నికి గట్టిగానే చెప్పాను.

అప్పటి నుంచీ మనసులో తొలుస్తున్న మాట ఇక్కడ రాస్తున్నాను. మన పెరళ్లలోని దళసరి ఆకుల మొక్కలకు తెలుగు పేర్లున్నాయి. వాటిని పక్కన పెట్టి నర్సరీ చీటీ మీద ఉన్న పేరే పేరనుకుంటే పోయేది భాషాభిమానం ఒక్కటే కాదు. ఆ మొక్కను దగ్గరగా చూసిన కళ్లూ, నాలుక మీద వేసుకుని తెలుసుకున్న రుచీ, తరాల జాగ్రత్తా కూడా పోతాయి.

రణపాల దగ్గరే ఇంకాసేపు ఆగుతాను, నాకు ఈ మొక్క అంటే అంత ఇష్టం. చిన్నప్పుడు అవ్వ వాళ్లింట్లో బావి పక్కన ఉండేది. మేము పిలకాయలం ఆకు కోసి నోటు పుస్తకంలో పెట్టుకునేవాళ్లం. నాలుగైదు రోజులకు పుస్తకం తెరిస్తే ఆకు అంచున ఒక్కో గంటు దగ్గర సన్నటి తెల్లటి వేర్లు, వాటి పైన ఆవగింజంత జంట ఆకులు. నీళ్లు లేవు, మన్ను లేదు. తల్లి ఆకు తన ఒంట్లోని తడితోనే పిల్లల్ని సాకుతుంది. వాటికి కాళ్లొచ్చే కొద్దీ అది ముడతలు పడి కాగితంలా అయిపోతుంది. బ్రయోఫిల్లం అనే పేరు ఇందులోంచే వచ్చింది. గ్రీకులో బ్రయో అంటే మొలకెత్తడం, ఫిల్లాన్ అంటే ఆకు. 1805లో సాలిస్‌బరీ అనే ఇంగ్లీషు వృక్షశాస్త్రజ్ఞుడు పెట్టాడు. చూసి పెట్టిన పేరు కాబట్టి నాకు నచ్చుతుంది. జర్మన్ కవి గోథే ఈ ఆకు మొలకలకు ముగ్ధుడై స్నేహితులకు ఆకులు పంపేవాడు. జర్మనీలో దీన్ని ఇప్పటికీ గోథే మొక్క అంటారు.

ఇక మన రణపాల. నెల్లూరు వాళ్లకు తమిళం పొరుగింటి భాష. తమిళంలో రణం అంటే పుండు, గాయం. వాళ్లు ఈ మొక్కను రణకళ్ళి అంటారు. మన రణపాలలోని రణం కూడా అదేనని, యుద్ధం కాదని నా నమ్మకం. ఆకును దీపం సెగ మీద వెచ్చచేసి గడ్డల మీద కట్టేవాళ్లు. ఆ వాడకం పేరులోనే ఉంది. కలాంచో అనే పేరు మాత్రం చైనా నుంచి బయలుదేరింది. చైనాలో ఇలాంటి ఒక మొక్కను పిలిచే మాటను ఒక యూరప్ మతగురువు రాసిపెడితే, దాన్ని పట్టుకుని 1763లో ఫ్రాన్సులో అడాన్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు జాతి పేరుగా ఖాయం చేశాడు. అంటే కావలి వీధిలో ఆ అబ్బాయి ఇంగ్లీషు అనుకుని చెప్పిన మాట ఇంగ్లీషే కాదు.

అవ్వ ఒక మాట అనేది: "రణపాల పొద్దున నమిలితే పుల్లన, మధ్యాహ్నానికి చప్పన." మేము నవ్వేవాళ్లం. పెద్దయ్యాక ఒక సెలవు రోజున పరీక్షించాను. ఆరు గంటలకు ఒక ఆకు తుంచి చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుంటే చింతచిగురు కొరికినట్టు పళ్లు జివ్వుమన్నాయి. అదే కాడ మీది రెండో ఆకు పన్నెండున్నరకు చూశాను. గడ్డి నమిలినట్టు ఉంది, పులుపు జాడ లేదు. రుచి చూసి ఉమ్మేశాను, మింగలేదు.

ఇదే సంగతిని బెంజమిన్ హైనే అనే జర్మన్ వైద్యుడు ఇంగ్లండుకు ఉత్తరంగా రాశాడు. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వాళ్ల మొక్కల తోటను వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ తర్వాత చూసుకున్న మనిషి ఆయనే. పొద్దున ఆకు సారెల్ అంత పుల్లగా ఉంటుంది, పొద్దెక్కే కొద్దీ పులుపు తగ్గి మధ్యాహ్నానికి రుచి లేకుండా పోతుంది, సాయంత్రానికి కొంచెం చేదెక్కుతుంది అన్నాడు. సారెల్ అంటే మన చుక్కకూర కులమే. ఆ ఉత్తరం 1815లో లండన్ లిన్నియన్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆ పులుపు వెనకున్న సంగతి పూర్తిగా తెలియడానికి ఇంకో వందేళ్లకు పైగా పట్టింది. ఎండ నేలల మొక్క పగలు ఆకు రంధ్రాలు తెరిస్తే ఒంట్లో నీళ్లన్నీ ఆవిరైపోతాయి. అందుకని చల్లబడ్డాక రాత్రి తెరుస్తుంది. పీల్చిన బొగ్గుపులుసు గాలిని (కార్బన్ డయాక్సైడును) మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. తెల్లారాక తలుపులు మూసుకుని, దాచిన పులుపును ఖర్చు పెట్టుకుంటూ ఎండలో వంట చేసుకుంటుంది. ఈ పద్ధతికి పెట్టిన పేరు క్రాసులేసియన్ యాసిడ్ మెటబాలిజం. క్రాసులేసీ రణపాల కుటుంబం పేరు, లాటిన్‌లో క్రాసస్ అంటే దళసరి. అవ్వ మాటలో రాత్రి సంగతి లేదు, ఆమ్లం పేరు లేదు. పొద్దునకీ మధ్యాహ్నానికీ తేడా మాత్రం ఉంది, హైనే రాసిందీ ఆ తేడానే. రణపాల అని పిలిచిన ఇంట్లోనే ఆ మాట బతికింది. కలాంచో అని కొనుక్కొచ్చిన కుండీతో పాటు అది రాదు.

పది గంటల పూలు చూడండి. గడ్డి గులాబీ అని, నాచు పూలని కూడా అంటారు. మా వీధిలో పగిలిన బకెట్లలో, నూనె డబ్బాల్లో, ఎక్కడ చూసినా ఇవే. ఎండ బాగా పడ్డాక పొద్దున తొమ్మిదిన్నర, పదికి విచ్చుకుంటాయి, మధ్యాహ్నం దాటాక ముడుచుకుపోతాయి. మబ్బు పట్టిన రోజు అసలు కళ్లు తెరవవు. వియత్నాం వాళ్లు కూడా వాళ్ల భాషలో దీన్ని పది గంటల పువ్వనే అంటారు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, రెండు చోట్లా ఎండలో నిలబడి చూశారు. దీని సొంత ఊరు అర్జెంటీనా, బ్రెజిల్ దక్షిణం, ఉరుగ్వే వైపు. 1829లో హుకర్ అనే ఇంగ్లీషు వృక్షశాస్త్రజ్ఞుడు దీనికి పోర్చులాకా గ్రాండిఫ్లోరా అని పేరు పెట్టాడు. గ్రాండిఫ్లోరా అంటే పెద్ద పూలది. పోర్చులాకా అనే మాట మాత్రం చాలా పాతది, దానిలో పోర్చులా అంటే చిన్న తలుపు అంటారు. పువ్వు రాలాక మిగిలే కాయను వేలి గోరుతో మెల్లగా తాకి చూడండి. పైసగం చిన్న మూతలా గుండ్రంగా ఊడి వస్తుంది. లోపల ఉక్కు రంగులో మెరిసే పొడిలాంటి గింజలు. ఆ మూతే తలుపు.

ఆ తలుపు గంగవాయిలకూరకూ ఉంది. పోర్చులాకా ఒలరేషియా అంటే అదే, ఒలరేషియా అంటే కూరాకు అని. పప్పులో వేసుకుంటే ఆ కమ్మటి పులుపుకు ఇంకో ఆకు సాటిరాదు. గడ్డి గులాబీ, గంగవాయిలకూర అక్కచెల్లెళ్లని కాయ మూత చూసి లాటిన్ పేరు చెప్పింది. మన పేర్లు ఆ చుట్టరికం చెప్పవు. ఈ విషయంలో లాటిన్ పేరుది పైచేయి, అది ఒప్పుకోవాలి. నేను లాటిన్ పేర్లకు వ్యతిరేకిని కాను.

ఇలాంటిదే ఇంకో పూల జాతి దక్షిణాఫ్రికాలో ఉంది. మధ్యాహ్నం పూస్తుందని 1684లో బ్రెయిన్ అనే ఆయన గ్రీకులో మధ్యాహ్నపు పువ్వు అని అర్థమొచ్చేట్టు మెసెంబ్రియాంతిమం అన్నాడు. తర్వాత ఆ జాతిలోనే రాత్రి పూసేవి బయటపడ్డాయి. పేరు తప్పయింది. అప్పుడు డిలేనియస్ అనే శాస్త్రజ్ఞుడు ఐ తీసి వై పెట్టాడు. ఒక్క అక్షరంతో మధ్యాహ్నం పోయి, మధ్యలో పిండం ఉన్న పువ్వు అనే అర్థం వచ్చింది. పేరు నిజం చెప్పి తీరాలనే ఆ పట్టుదల నాకెంతో గౌరవంగా అనిపిస్తుంది. మూడు వందల ఏళ్ల కింద ఒక్క అక్షరం కోసం అంత ఆలోచించారు. మనం రణపాల చీటీ మీద ఏ పేరున్నా పర్లేదంటున్నాం.

ఇంకో ఆకు కోసం సముద్రం వైపు వెళ్లాలి. అల్లూరు దాటి ఇస్కపల్లి ఉప్పు మడుల గట్ల మీద నేల మీద పాకుతూ ఒకటి కనిపిస్తుంది. వేలంత పొడుగు దళసరి ఆకులు, ఎండ ముదిరితే కాడలు ఎర్రబడతాయి. మధ్యలో నక్షత్రంలాంటి గులాబీ రంగు చిన్న పువ్వు, పగలు కొన్ని గంటలే విచ్చుకుంటుంది. ఆకు కొరికితే సముద్రం నోట్లో పెట్టుకున్నట్టే. దాని పేరు వంగరెడ్డికూర. ఉడకబెట్టి నీళ్లు వంచేసి వండుకుంటారు. లాటిన్‌లో సెసూవియం పోర్చులాకాస్ట్రం. సెసూవియం అనేది ఒకప్పుడు ఫ్రాన్సు ప్రాంతంలో ఉన్న ఒక తెగ పేరు, రెండో మాటకు పోర్చులాకాలాంటిదని అర్థం. ఉప్పు లేదు, తీరం లేదు, కూర లేదు. మన పేరులో కనీసం కూర అని ఉంది, అంటే తినొచ్చని. ఆ వంగరెడ్డి ఎవరోగానీ ఆకలి కాలంలో ఊరికి ఒక కూర చూపించిన మనిషనే నేను అనుకుంటాను.

మన పేర్లలో ఒక క్రమం కూడా ఉంది, దాన్ని మనం బడిలో ఎప్పుడూ చెప్పుకోలేదు. ఆకుజెముడు, బొంతజెముడు, కాడజెముడు, నాగజెముడు. వెనక మాట జాతి, ముందు మాట గుర్తు. ఆకులున్నది ఆకుజెముడు, కాడలు తప్ప ఏమీ లేనట్టు కనిపించేది కాడజెముడు, పడగలాంటి పలకలున్నది నాగజెముడు. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ 1753లో ప్రపంచానికి నేర్పిన రెండు మాటల పేరు పద్ధతికీ దీనికీ ఎంత దగ్గర! ఇందులో ఒక పొరపాటూ ఉంది. నాగజెముడు అమెరికా నుంచి వచ్చిన కాక్టస్, మిగతావి యూఫోర్బియాలు. యూఫోర్బియాను గిచ్చితే తెల్లటి పాలు కారతాయి, నాగజెముడును గిచ్చితే పాలు రావు. రూపం చూసి ఒకే ఇంట్లో కూర్చోబెట్టారు. అయినా కొత్తగా వచ్చిన మొక్కను చూసి, దేనికి దగ్గరో ఆలోచించి, మనదైన పేరుతో లోపలికి పిలిచారు. అమెరికా నుంచే వచ్చిన అగేవ్‌ను రాకాసిమట్ట అన్నారు. అగేవ్ అంటే గ్రీకులో ఘనమైనదని అర్థం. రాకాసిమట్ట పక్కన నిలబడి దాని ముళ్ల అంచు చూస్తే రెండు పేర్లూ సరైనవే అనిపిస్తుంది.

యూఫోర్బియా అనే పేరు ఉత్తర ఆఫ్రికాలోని మారిటానియా రాజు రెండో జూబా ఆస్థాన వైద్యుడు యూఫోర్బస్‌ది. కాడజెముడు లాటిన్ పేరు మాత్రం యూఫోర్బియా తిరుకల్లి. తిరుకళ్ళి మలయాళం మాట. 1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటాలుగా అచ్చయిన మలబారు మొక్కల పుస్తకం హోర్టస్ మలబారికస్ నుంచి లినేయస్ ఎత్తుకుని అలాగే ఉంచాడు. బచ్చలి జాతి పేరు బసెల్లా కూడా అందులోంచే వెళ్లింది. మలయాళంలో వశళ, కన్నడంలో బసళె, తమిళంలో వసలై, మనకు బచ్చలి. ఒకే తల్లి మాట పిల్లలివి. పందిరి మీది తీగబచ్చలిని వృక్షశాస్త్రం దక్షిణాది పేరుతోనే పిలుస్తోంది.

ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరించే పేరు మరొకటుంది. వెలిగొండల వైపు రాళ్ల నేలల్లో ఆకుల్లేకుండా, వేలెడు మందాన, నాలుగు పలకలుగా పైకి లేచే మొక్క ఉంటుంది. మనవాళ్లు కుందేటి కొమ్ములంటారు. కాడ చివర ముదురు రంగు చిన్న పూలు. పశువుల వెంట పోయే పిలకాయలు పచ్చివే కొరుక్కుంటారు. 1795లో మొదలైన తన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో రాక్స్‌బర్గ్ దీని బొమ్మ వేయించి, తెలుగువాళ్లు దీన్ని కార్ అల్లం అంటారని రాశాడు. కారడవిలో, అడవి బర్రెకున్న కారెనుము అనే పేరులో వినిపించే కారే నాకు ఇందులోనూ వినిపిస్తుంది. తర్వాత రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఈ జాతికి పేరు పెడుతూ ఆ మాటనే పట్టుకుని కారలూమా అన్నాడు. ఆఫ్రికా ఎడారి అంచుల్లో, అరేబియా కొండల్లో ఉన్న ఇలాంటి మొక్కల్ని కూడా శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి ఆ తెలుగు మాటతోనే పిలిచారు. బరువు తగ్గిస్తామని చెప్పి అమ్మే మాత్రల డబ్బాల మీద కూడా ఇప్పుడు అదే పేరుంది.

హోర్టస్ మలబారికస్‌లో ఇట్టి అచ్యుతన్ అనే మలయాళీ వైద్యుడి పేరు, ఆయన ఇచ్చిన వాంగ్మూలం అచ్చులో ఉన్నాయి. రాక్స్‌బర్గ్‌కు కార్ అల్లం అని చెప్పిన తెలుగు మనిషి పేరు ఆ బొమ్మ కింద లేదు. ఏ మేకల కాపరో, తోటలో నీళ్లు పోసే మనిషో. ఆ మనిషి నోటి మాట ప్రపంచం చుట్టి వచ్చింది. ఆ మాట పుట్టిన ఊళ్లలో అదే మొక్కను మనం దళసరి మొక్కలన్నిటికీ కలిపి వాడే సక్యులెంట్ అనే ఇంగ్లీషు మాటతో పిలుస్తున్నాం.

నర్సరీ నడిపే స్నేహితుడొకడు నాతో వాదించాడు. "ఏంనా, కడియం నుంచి లోడొచ్చేటప్పుడే ఇంగ్లీషు పేరుతో వస్తది. కొనేవాళ్లు ఫోన్లో ఫొటో చూపించి అదే పేరు అడుగుతారు. నేను చాగనార అని బోర్డు పెడితే ఒక్కరు కూడా ఆగరు, స్నేక్ ప్లాంట్ అంటే ఆగుతారు." నిజమే, అతని కడుపు నిండాలి. కానీ అతని దగ్గర జేడ్ అని అమ్మే కుండీల్లో చాలావరకు జేడ్ కూడా కాదు. జేడ్ అంటే క్రాసులా ఒవాటా. అతను ఇచ్చేది పోర్చులాకేరియా ఆఫ్రా, దక్షిణాఫ్రికాలో ఏనుగులు మేసే పొద. అక్కడివాళ్లు స్పెక్‌బూమ్ అంటారు, కొవ్వు చెట్టని. అంటే చీటీ మీది ఇంగ్లీషు పేరు కూడా ఆ మొక్కను చూసి రాసింది కాదు. నేను అడిగింది చిన్న పని. చీటీ మీద మూడు వరుసలు రాయమన్నాను: పైన తెలుగు పేరు, కింద లాటిన్ పేరు, ఆ కింద నీకు అమ్ముడుపోయే పేరు. తెలుగు పేరు లేని మొక్కకు ఆ వరుస ఖాళీగా వదిలెయ్, ఎవరైనా రాస్తారన్నాను. అతను నాలుగు కుండీలకు చేశాడు. రణపాల, కలబంద, వామాకు, చాగనార. వామాకు కుండీ దగ్గర ముసలివాళ్లు ఆగి బజ్జీల సంగతి మాట్లాడుకుంటున్నారని ఫోన్ చేసి చెప్పాడు. మిగతా కుండీలు ఎప్పుడు చేస్తాడో చూడాలి. నేను వదిలిపెట్టను.

పిన్నికి అసలు రణపాల ఆకు ఒకటి అవ్వ వాళ్ల బావి దగ్గర నుంచే తెచ్చిచ్చాను. కుండీలో మన్ను మీద ఊరికే పడేసింది, పది రోజులకు అంచున ఏడు మొలకలొచ్చాయి. దాన్ని నమలడం లేదు. పాత కుండీని పారేద్దామా అని నేనే అడిగితే, "అదేం పాపం చేసింది, పూలు బాగుంటాయి, ఉండనీ" అంది.

పాత కుండీలోని మొక్క మొగ్గ తొడగాలంటే పగలు పొట్టిదై, రాత్రి వరసగా కొన్ని వారాలు పొడుగ్గా ఉండాలి. చలికాలం దగ్గరపడితే గానీ దానికి ఆ రాత్రులు దొరకవు. పిన్నికి ఈ లెక్క నేను చెప్పలేదు. ఈ సంక్రాంతికి మళ్లీ కావలి వెళ్లాను. భోగి నాడు పొద్దున మేడ మీద గుత్తులు విచ్చుకుని ఉన్నాయి. పక్కింటావిడ పిట్టగోడ మీంచి తొంగి చూసి, ఏం మొక్క అక్కా అది, ఒక కొమ్మ ఇస్తావా అంది. పిన్ని కత్తెరతో కొమ్మ తుంచి ఆవిడ చేతికిస్తూ చెప్పింది: "సంకురాత్రి పువ్వు. రెండేళ్లుగా చూస్తున్నా, సరిగ్గా పండక్కే పూస్తది. ఆకు మాత్రం నోట్లో పెట్టుకోమాక."